మస్టాంగ్‌ను కుర్రకారుకు దూరం చెయ్యకండి
ఫోర్డ్ మోటార్ కంపెనీ అధినేత జిమ్ ఫార్లీ గారికి బహిరంగ లేఖ



ఈ ఉత్తరం హైదరాబాద్‌లోని తార్నాక నుంచి వస్తోంది. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న పేట ఇది. చౌరస్తాలో మెట్రో స్టేషన్, చుట్టుపక్కల ఆర్టీసీ ఆసుపత్రి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, జాతీయ పోషకాహార సంస్థ, ఆ పైన చెట్ల మధ్యగా క్యాంపస్‌లోకి పోయే రోడ్డు. ఈ రోడ్ల మీద మీ మస్టాంగ్ కనిపించడం అరుదు. మీ కంపెనీ ఈ దేశంలో కార్ల తయారీ ఆపేసి ఏళ్ళు గడిచాయి. అయినా ఇక్కడి ఇంజనీరింగ్ కుర్రాళ్ళు వెనక మూడు నిలువు గీతల దీపాలు చూసి బండి పేరు చెప్పేస్తారు. చాలామంది అది ఏ తరం మోడలో కూడా చెప్పేస్తారు.

కొననివాళ్ళకు కారు రూపురేఖల గురించి మాట్లాడే అర్హత ఎక్కడిదని మీ దగ్గర ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు మీ కంపెనీ చరిత్రలోనే ఉంది. 1970 ప్రాంతంలో, వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో, అమెరికన్ సైనికులకు చూపించడానికి సైగాన్‌కు ఒక మస్టాంగ్‌ను తీసుకెళ్ళారు. దాన్ని చూసిన స్థానిక పిల్లల్లో హావ్ థాయ్-టాంగ్ ఒకడు. 1975లో సైగాన్ పడిపోతుంటే ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్ళింది. ఆ పిల్లవాడు ఇంజనీరయ్యాడు, ఫోర్డ్‌లో చేరాడు, 2005 మస్టాంగ్‌కు చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. 1960ల నాటి ముఖాన్ని మళ్ళీ కారుకు తెచ్చిపెట్టిన ఆ మోడలే మస్టాంగ్‌కు కొత్త ఊపిరి పోసింది. యుద్ధభూమిలో ఒకసారి చూసిన కారు ఒక పిల్లవాడి జీవితాన్ని మలుపు తిప్పగలిగినప్పుడు, తార్నాకలో ఫోన్ తెరల మీద ఆ కారును రోజూ చూస్తున్న విద్యార్థులు మాట్లాడితే తప్పేముంది?

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మీ కారు ఒంటరిదైపోయింది. దాని పాత ప్రత్యర్థి డాడ్జ్ ఛాలెంజర్ తయారీ 2023 ఆఖరుకు ముగిసింది. దాదాపు అదే సమయంలో షెవర్లే కమారో కూడా వెళ్ళిపోయింది. 2022 సెప్టెంబరు 14న డెట్రాయిట్‌లో మీరు ఆవిష్కరించిన ఏడో తరం మస్టాంగ్ ఒక్కటే ఆ కోవలో ఎనిమిది సిలిండర్ల పెట్రోలు వీ8 ఇంజన్‌తో మిగిలింది. దీని తర్వాత ఏం గీస్తారన్నది మీ స్టూడియో గోడలు దాటి వచ్చిన ప్రశ్న. ప్రపంచమంతా దీన్ని ఇంజన్ ప్రశ్నగా చూస్తోంది. వీ8 ఉండాలా, బ్యాటరీ రావాలా, ఆ మోత పోతే మస్టాంగ్ మస్టాంగేనా అని. ఈ ఉత్తరం అడిగేది వేరు. ఆ కారును ఎవరు కొనగలరు? బానెట్ ఎత్తి లోపల ఎవరు చెయ్యి పెట్టగలరు?

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మస్టాంగ్‌ను జనం ముందు పెట్టినప్పుడు మీ కంపెనీలోని లీ అయకోకా బృందం సాధించిన గొప్ప ఇంజనీరింగ్ పొదుపులోనే ఉంది. కింద ఉన్నది ఫాల్కన్ అనే సాదాసీదా కుటుంబ కారు. దాని మీద పొడవాటి ముక్కు, పొట్టి వెనకభాగం, గ్రిల్ మధ్య పరుగెత్తే గుర్రం. ధర 2,368 డాలర్లు. ఇప్పటి విలువలో చూస్తే సుమారు 24 వేల డాలర్లు. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి, తొలి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి, రెండేళ్ళు తిరగకముందే పది లక్షలు దాటాయి. యుద్ధానంతరం పుట్టిన పిల్లలు అప్పుడే ఉద్యోగాల్లోకి, కాలేజీల్లోకి వస్తున్నారు. నాన్న కొనే కారు కాకుండా తమ కారు కావాలన్న ఆ వయసు కోరికకు, ఆ వయసు జీతానికి సరిపోయేలా గీసిన కారు అది. దానికంటే వేగమైన కార్లు అప్పుడూ ఉన్నాయి, అందమైనవీ ఉన్నాయి. అంత తక్కువ ధరలో అంత ఆశను ఇచ్చినది మరొకటి లేదు.

ఈ సంగతి మీకు పుస్తకాల్లో చదివి తెలియాల్సింది కాదు. కుర్రతనంలో కాలిఫోర్నియాలో వేసవి పని చేసుకుంటూ, ఆ డబ్బులతో ఒక పాత 1966 మస్టాంగ్ కొని, దాన్ని మీ చేతులతోనే బాగుచేసుకుని, మిషిగన్ దాకా నడుపుకుంటూ వెళ్ళినట్టు మీరే చెప్పారు. ఫోర్డ్ అధిపతి జీవితం ఒక సెకండ్ హ్యాండ్ మస్టాంగ్‌తో మొదలైందన్నమాట. ఇప్పటి పదహారేళ్ళ పిల్లవాడు ఇరవై ఏళ్ళ తర్వాత ఒక 2024 మోడల్ కొని, సొంత షెడ్డులో అలా బాగుచేసుకోగలడా?

2024 మస్టాంగ్‌లో చౌక రకం ధరే 30 వేల డాలర్లు దాటింది. వీ8 ఉన్న జీటీ కావాలంటే 40 వేలు దాటాలి. ధర పెరగడాన్ని అర్థం చేసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు, కాలుష్య నియమాలు, ప్రమాద పరీక్షలు, ఇవేవీ 1964లో ఈ స్థాయిలో లేవు. మనసు కష్టపెట్టేది వేరే నిర్ణయం. నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్ మస్టాంగ్‌లో ఈ తరం నుంచి మాన్యువల్ గేర్లు తీసేశారు. పది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే దిక్కు. క్లచ్ నొక్కి గేరు మార్చాలనే సరదా కావాలంటే ఖరీదైన వీ8 కొనాలి. ఆ సరదా ఎక్కువగా ఎవరికుంటుంది? నలభై వేల డాలర్లు చేతిలో లేనివాడికే. అదే సమయంలో మీ కంపెనీ మూడు లక్షల డాలర్లకు పైబడిన మస్టాంగ్ జీటీడీని కూడా తయారు చేసింది. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌ను ఏడు నిమిషాల లోపు చుట్టివచ్చిన యంత్రం అది. ఇంజనీర్లకు చేతులెత్తి మొక్కాల్సిన పనే. కానీ పైమెట్టు అంత పైకి కడుతూ కింది మెట్టు తీసేస్తే ఎక్కేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? 1966 మోడల్ సంవత్సరంలో 6 లక్షలకు పైగా అమ్ముడైన కారు, 2024లో అమెరికాలో 44 వేల దగ్గర ఆగింది. కూపేల కాలం చెల్లిందని, జనం ఎస్‌యూవీల వైపు మళ్ళారని అంటారు. అందులో నిజం ఉంది. పూర్తి నిజం మాత్రం కాదు.

మస్టాంగ్‌ను మార్చకూడదని ఎవరూ అనడం లేదు. అరవై ఏళ్ళలో అది ఎన్నో రూపాలెత్తింది. 1970ల మొదట్లో కారు లావెక్కి, పొడవు పెరిగి, మొదటి కొనుగోలుదారులకే కొత్తదైపోయింది. అప్పుడు పింటో అనే చిన్న కారు ఆధారంగా మస్టాంగ్ 2 తెచ్చారు. తొలి ఏడాది వీ8 అసలే లేదు. అభిమానులు ఈనాటికీ దాన్ని తిడతారు. అయితే అది మార్కెట్లోకి వచ్చిన కొద్ది వారాలకే, 1973 అక్టోబరులో చమురు సంక్షోభం ముంచుకొచ్చింది. 1974 మోడల్ సంవత్సరంలో ఆ చిన్న కారు 3 లక్షల 85 వేలకు పైగా అమ్ముడైంది. తిట్లు తిన్న ఆ మోడలే పేరును బతికించింది. గుర్రం కాస్త చిన్నదైనా పిల్లల జేబుకు అందింది కాబట్టి జనం కొన్నారు.

ఇంకో సంఘటన మీకు గుర్తుచేయక తప్పదు. 1980ల నడుమ మీ కంపెనీ మస్టాంగ్ స్థానంలో మాజ్డా ఆధారంగా ముందు చక్రాలు లాగే కారును తేవాలనుకుంది. 1987లో ఈ కబురు పత్రికకెక్కింది. అంతే, డియర్‌బోర్న్‌లోని మీ ప్రధాన కార్యాలయానికి ఉత్తరాల వరద మొదలైంది. కొన్నవాళ్ళు, కొనాలనుకున్నవాళ్ళు, ఎప్పటికీ కొనలేనివాళ్ళు అందరూ రాశారు. మీ కంపెనీ వెనక్కి తగ్గింది. మాజ్డా కారు ప్రోబ్ అనే వేరే పేరుతో వచ్చి 1997లో కనుమరుగైంది. మస్టాంగ్ మిగిలింది. తర్వాత జాన్ కొలెటీ నాయకత్వంలో ఒక చిన్న బృందం పట్టుదలగా పనిచేసి, 35 నెలల్లో, సుమారు 70 కోట్ల డాలర్లతో 1994 మోడల్‌ను నిలబెట్టింది. ఉత్తరాలు రాస్తే కారు నిలుస్తుందన్న నమ్మకం ఈ లేఖకు అక్కడి నుంచే వచ్చింది.

మా వైపు నుంచి కూడా రెండు ఉదాహరణలు ఉన్నాయి.

అంబాసిడర్ పేరు మీరు వినే ఉంటారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆధారంగా 1950ల చివర్లో మొదలై, 2014 దాకా దాదాపు అదే ఆకారంతో నడిచింది. మంత్రులు, కలెక్టర్లు, ప్రొఫెసర్లు, టాక్సీవాళ్ళు అందరూ అందులో తిరిగినవాళ్ళే. ఏ మారుమూల మెకానిక్ అయినా దాన్ని విప్పి బిగించగలిగేవాడు. కానీ లోపలి ఇంజనీరింగ్‌ను కాలంతో పాటు ముందుకు తీసుకెళ్ళే ఓపిక దాన్ని చేసినవాళ్ళకు లేకపోయింది. ప్రేమ ఎంతున్నా కారు ఆగిపోయింది.

రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1955 నుంచి మద్రాసులో తయారవుతున్న ఈ మోటార్‌సైకిల్‌కు ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న గౌరవం వేరు. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి ఉండేది, బ్రేకు ఎడమకాలికి. పోతఇనుము ఇంజన్, కిక్ కొట్టడంలో ఒక నేర్పు. 2010 ప్రాంతానికి ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలోకి వచ్చాయి, గేరు ఎడమకాలికి మారింది, బటన్ స్టార్టు వచ్చింది. ఆ డగ్ డగ్ శబ్దం పలచబడిందని పాతకాపులు నొచ్చుకున్నారు. నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. అయినా ఆ కంపెనీ 2010లో ఏడాదికి 50 వేల పైచిలుకు బళ్ళు అమ్మిన చోటు నుంచి 2018-19 నాటికి 8 లక్షలు దాటింది. టాంకు మీద గీతలు, బండి కూర్చునే తీరు అలాగే ఉంచారు. చమురు కారడం తగ్గించారు. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు వాయిదాల మీద కొనుక్కోగల ధర దగ్గర ఉంచారు. ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తెలిసిన పునర్నిర్మాణం అంటే అదీ.

క్యాంపస్ మధ్యలో నిలబడిన ఆర్ట్స్ కాలేజీ భవనం కూడా ఇదే చెబుతుంది. 1930ల మొదట్లో నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని అమెరికా, యూరప్, ఈజిప్టు, టర్కీ, జపాన్ వంటి దేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలను చూసి రమ్మంది. వాళ్ళు బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను ఎంచుకున్నారు. 1934లో పునాదిరాయి పడింది, 1939 డిసెంబరు 4న భవనం ప్రారంభమైంది. అజంతా, ఎల్లోరా స్తంభాల పోలికలు ఉన్నాయి, ఇస్లామీ కమానులు ఉన్నాయి. చూసిన దేశాల్లో ఏదో ఒకదాని భవనాన్ని అచ్చుగుద్దినట్టు దించకుండా, తమ నేలలోని పాత రూపాలను కొత్త అవసరానికి పనికొచ్చేలా కలిపారు. లక్షలాది విద్యార్థులు ఆ మెట్లెక్కారు. మెట్లెక్కడానికి ఎవరూ టికెట్టు కొననక్కర్లేదు. అందుకే అది వాళ్ళదైంది.

ఇక చేతికి అందడం అన్న మాట. క్యాంపస్‌లోని ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. అక్కడ మెకానికల్ చదివే పిల్లలు పాత ఇంజన్లు విప్పి, పిస్టన్ తీసి, వాల్వులు సరిచూసి నేర్చుకుంటారు. తార్నాక, లాలాపేట షెడ్డుల్లో పనివాళ్ళు కాలేజీ మెట్లెక్కకుండానే అదే విద్య నేర్చుకుంటారు. ఇద్దరికీ గురువు విప్పదగిన యంత్రమే. కొత్త మస్టాంగ్‌లో ఎలక్ట్రానిక్ వ్యవస్థకు పెట్టిన కట్టుదిట్టాల వల్ల బయటివాళ్ళు ఇంజన్ ట్యూనింగ్‌లో వేలు పెట్టడం బాగా కష్టమైంది. దొంగల నుంచి, హ్యాకర్ల నుంచి రక్షణ కావాల్సిందే. కానీ యజమానిని కూడా దొంగతో కలిపి బయట నిలబెట్టడం న్యాయం కాదు. మస్టాంగ్ చుట్టూ పెరిగిన విడిభాగాల వ్యాపారం, రేసింగ్, పేరొందిన షెల్బీ నుంచి వీధి చివరి ట్యూనర్ దాకా ఉన్న సంప్రదాయం, అన్నీ తెరిచి ఉన్న బానెట్ నుంచి పుట్టినవే.

లోపల కూర్చుంటే 12.4 అంగుళాల తెర ఒకటి, 13.2 అంగుళాల తెర ఇంకొకటి. ఏసీ సర్దుకోవాలన్నా తెర మీద వేలు పెట్టాలి. ఐరోపా భద్రతా పరీక్షల సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ వంటి వాటికి చేతికి తగిలే మీటలు పెట్టిన కార్లకు ఎక్కువ మార్కులు ఇవ్వాలని తేల్చింది. కళ్ళు రోడ్డు మీద ఉంచి చేత్తో తడిమి పట్టుకునే మీట, నడిపేవాడి మీద గౌరవం ఉన్నవాళ్ళు పెట్టే వస్తువు. నడపడం కోసమే పుట్టిన కారుకు అది విడ్డూరం కాకూడదు.

విద్యుత్తు గురించి కూడా ఇక్కడివాళ్ళ మాట వినండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లకు చెవులు హోరెత్తే మోత లేదు. ఒక సన్నటి ఊళ మాత్రమే ఉంది. అయినా హైదరాబాద్ కుర్రాళ్ళు ఎండలో నిలబడి చూశారు, ఇన్వర్టర్ల గురించి, బ్రేకు నుంచి తిరిగి వచ్చే కరెంటు గురించి వాదించుకున్నారు. ఈ తరం బ్యాటరీకి భయపడదు. దానికి నచ్చనిది నటన. డాడ్జ్ తన ఎలక్ట్రిక్ ఛార్జర్‌కు గొట్టాల ద్వారా కృత్రిమ గర్జన పెట్టింది, ఆశించినంత మంది కొనలేదు, అదే ఒంట్లో పెట్రోలు ఇంజన్ ఉన్న రకాన్ని కూడా తెచ్చింది. 2019లో మీరు మ్యాక్-ఈ అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి మస్టాంగ్ పేరు పెట్టారు. బండి మంచిదే. 2024లో అమెరికాలో అసలు మస్టాంగ్ కంటే అదే ఎక్కువ అమ్ముడైంది. కానీ పేరును ఎరువిచ్చినంత మాత్రాన వారసత్వం రాదు. రేపు తేలికైన, రెండు తలుపుల, తక్కువ ధర హైబ్రిడ్ మస్టాంగ్ వస్తే, అందులో క్లచ్ ఉంటే, ఈ క్యాంపస్‌లో దాన్ని తిరస్కరించేవాళ్ళు తక్కువ. వీ8 ఉండి లక్ష డాలర్లు అడిగితే పోస్టరుగా గోడెక్కడం తప్ప దానికి ఇక్కడ ఇంకో బతుకు లేదు.

పోస్టరుగా మిగలడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. ఆరో తరం మస్టాంగ్ చరిత్రలో మొదటిసారి కుడివైపు స్టీరింగుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, 2016 జూలైలో భారత్‌కు చేరింది. ఢిల్లీ షోరూమ్ ధర 65 లక్షలు. అదే వీ8 కారు అప్పటి మారకం లెక్కన అమెరికాలో పాతిక లక్షల లోపే దొరికేది. సుంకాల భారం మీ తప్పు కాదు. అయితే ఇదే దేశంలో 1999లో మీరు ఐకాన్ తెచ్చారు. 1.6 లీటర్ల ఇంజన్, చేతిలో ఇమిడే స్టీరింగు, మధ్యతరగతి ధర. నడపడంలో ఆనందం అందరికీ పంచవచ్చని ఒక తరం భారతీయులకు నేర్పింది ఫోర్డే. ఆ తర్వాత ఫీగో, ఎకోస్పోర్ట్ వచ్చాయి. 2021 సెప్టెంబరులో తయారీ ఆపేస్తున్నామన్న ప్రకటన వచ్చిన రోజున ఆ బళ్ళ యజమానులు బాధపడింది విడిభాగాల కోసం మాత్రమే కాదు.

ఇక్కడి మనుషులు మాత్రం మీకు దూరం కాలేదు. చెన్నైలో మీ కార్యాలయాల్లో వేలమంది పనిచేస్తున్నారు. డియర్‌బోర్న్ నుంచి కాస్త దూరం వెళితే నోవై, కాంటన్, ఫార్మింగ్‌టన్ హిల్స్, ట్రాయ్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. 2025 జూలైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు నోవైలోనే జరిగాయి. వాహన పరిశ్రమలో పనిచేసే తెలుగు ఇంజనీర్లు ఆ సభల్లో అడుగడుక్కీ తగులుతారు, వాళ్ళలో ఉస్మానియా పట్టాలున్నవాళ్ళు ఉన్నారు. అమెరికా వెళ్ళే ప్రతి కొత్త బ్యాచ్ ఇక్కడి పరీక్షల విభాగం ముందు ట్రాన్స్‌క్రిప్టుల కోసం వరుసలో నిలబడుతుంది. అక్కడ చదువు అయ్యాక మొదటి జీతంతో కారు చూసుకునేటప్పుడు, మనసు మస్టాంగ్ దగ్గర ఆగి, లెక్క కరోలా దగ్గర తేలుతుంది. అప్పటి మీ పోటీదారు ఫియట్ క్రైస్లర్ 2020 డిసెంబరులోనే హైదరాబాద్‌లో 15 కోట్ల డాలర్లతో డిజిటల్ కేంద్రం ప్రకటించింది. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం అంతకు చాలా ముందు నుంచే ఇక్కడ ఉంది. ఈ నగరంలో కారు తెలిసినవాళ్ళు ఉన్నారని వాళ్ళు గుర్తించారు.

కాబట్టి ఫార్లీ గారూ, ఎనిమిదో తరం మస్టాంగ్ బంకమట్టి నమూనా ముందు నిలబడినప్పుడు ఈ నాలుగు మాటలు మనసులో పెట్టుకోండి. అన్నిటికంటే చౌక మస్టాంగ్‌కు మాన్యువల్ గేర్లు తిరిగి ఇవ్వండి. దాని ధరను 1964 నాటి అసలు విలువకు వీలైనంత దగ్గరగా తేవడాన్ని ఇంజనీర్లకు పందెంగా పెట్టండి, జీటీడీ కోసం పెట్టినంత పట్టుదలతో. యజమానికి, అతను నమ్మిన మెకానిక్‌కు, పాఠం చెప్పే కాలేజీలకు ఎలక్ట్రానిక్స్ తలుపు చట్టబద్ధంగా తెరవండి. కుడివైపు స్టీరింగు ఉన్న రకాన్ని వదిలేయకండి. వీలైతే ఒక పాత మస్టాంగ్‌ను, దాని పక్కనే ఒక కొత్తదాన్ని, విప్పి చూసుకోవడానికి ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుకు పంపండి. మీ 1966 కారును మీరు ఎలా నేర్చుకున్నారో, ఇక్కడి పిల్లలను అలా నేర్చుకోనివ్వండి.

ఇట్లు,
తార్నాక నుంచి ఒక అభిమాని